యల్లాప్రగడ సుబ్బారావు

భీమవరమున 1895వ సంవత్సరము జనవరి 12వ తేదీన యల్లాప్రగడ సుబ్బారావు జన్మించెను. తండ్రి జగన్నాథము, తల్లి వేంకమ్మ. బాల్యమున ఇతనికి చదువుపై శ్రద్ధ తక్కువ. రెండు పర్యాయములు మెట్రిక్యులేషను పరీక్ష తప్పి, మూడవసారి గట్టెక్కెను.

మద్రాసు వైద్య కళాశాలలో చదువునాళ్ళలో గాంధీజీ పిలుపు నాలకించి ఖద్దరు ధరించెను. ఆంగ్లేయుడగు ఆచార్యుడు దీనికి కినుక వహించెను. తత్ఫలితముగా ఎం.బి.బి.ఎస్. పట్టమునకు మారుగా ఎల్.ఎం.ఎస్. పట్టమే దక్కెను. సోదరులిరువురు గ్రహణి వ్యాధిచే మరణించుట చూచి, వ్యాధుల మూలము నెరుగ వలెనని ఇతడు నిశ్చయించుకొనెను.

మామగారి సాయమున అమెరికా చేరెను. బోస్టన్ నగరమున ఆసుపత్రిలో రాత్రివేళ సేవకుడుగా పనిచేయుచు హార్వర్డులో చదివెను. ఫిస్కే పండితునితో కలిసి రక్తములోని భాస్వరమును కొలుచు పద్ధతిని 1925లో వెల్లడించెను. 1930లో డాక్టరు పట్టము పొంది, 1940లో లెడర్లీ పరిశోధనాలయమున చేరెను.

అచట ఆయన చేసిన కృషి చిరస్మరణీయము. లుకేమియా యను రక్తపు కేన్సరునందు, పక్వము కాని తెల్లకణములు ఎముకల మూలుగులో మితిమీరి పెరుగును. కణములు పెరుగుటకు ఫోలికామ్లము కావలయును. ఆయన బృందము 1945 నాటికి ఈ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసెను; పిదప దానిని పోలియుండి, దాని పనిని అడ్డగించు అమినాప్టెరిన్ అను ఔషధమును రూపొందించెను. బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ దీనిని లుకేమియా పీడితులగు 16 మంది పిల్లలకిచ్చి చూడగా, పదిమందికి గుణము కనిపించెను. ఆ మేలు తాత్కాలికమే. అయినను అంతవరకు మందేలేని వ్యాధికి దారి దొరకెను. దాని సోదర ఔషధమగు మెథోట్రెక్సేటు నేటికిని వాడుకలో నున్నది.

అయితే ఇట్టి మందులు రెండంచుల కత్తివంటివి. అవి చెడుకణములతోపాటు రోగక్రిములనెదిర్చు మంచి తెల్లకణములను గూడ తగ్గించును. నోటి పొరను, ప్రేగుల పొరను పుండుపరచును. అప్పుడు క్రిములు రక్తమున జొరబడి ప్రాణాపాయము కలిగించును. అందువలననే చికిత్సలోనున్న రోగికి జ్వరము తగిలినచో వైద్యులు తక్షణమే క్రిమినాశకముల నిత్తురు.

క్రిములపై పోరునందును సుబ్బారావు వెనుకబడలేదు. ఆయన పర్యవేక్షణమున డుగ్గర్ శాస్త్రజ్ఞుడు మట్టిలోని సూక్ష్మజీవినుండి ఆరియోమైసిన్ కనుగొనెను. 1948లో వెలువడిన ఈ మందే టెట్రాసైక్లిన్ కుటుంబమునకు మొదటిది. మన తీరప్రాంతమును పీడించిన బోదకాలునకు హెట్రజాన్ మందును గూడ ఆయన బృందమే యొసగెను.

1948 ఆగస్టు నెలలో, 53 ఏండ్ల వయస్సున, న్యూయార్కు నగరమున సుబ్బారావు పరమపదించెను. మాతృదేశమునకు తిరిగి రాలేకపోయెను. 1995లో భారత ప్రభుత్వము ఆయన పేర తపాలాబిళ్ళ విడుదల చేసెను.

నేడు విశాఖపట్టణమున ద్వారకానగరు వీథిలోని మందుల అంగడిలో ఫోలికామ్లపు మాత్రలు కొనువారెందరో ఆయన పేరెరుగరు. బాలలారా! పరీక్షలో తప్పినవాడు జీవితమున తప్పినవాడు కాడు. పట్టుదలతో పాటుపడి పరులకు మేలుచేయుటయే నిజమైన ఉత్తీర్ణత.