తోకచుక్క పట్టిన నిజాం కాలేజీ కుర్రాడు

అఫ్జల్‌గంజ్ స్టేట్ సెంట్రల్ లైబ్రరీలో గ్రూప్స్ పుస్తకాలతో కుస్తీ పడుతున్నవాళ్లకి వైను బప్పు పేరు ఎప్పుడో జీకే బిట్‌గా తగిలే ఉంటుంది. 1936లో లైబ్రరీ ఆ బిల్డింగ్‌లోకి మారేనాటికి ఆయన తొమ్మిదేళ్ల పిల్లాడు. పుట్టింది మద్రాసులో. తండ్రి మన నిజామియా అబ్జర్వేటరీలో పనిచేసేవారు. అలా చిన్నప్పుడే టెలిస్కోప్ అలవాటైంది. అబిడ్స్ దగ్గర్లోని నిజాం కాలేజీలో చదువు, తర్వాత హైదరాబాద్ ప్రభుత్వ స్కాలర్‌షిప్‌తో హార్వర్డ్. ఆస్ట్రానమీ చదివితే ఇక్కడ ఉద్యోగాలెన్ని? వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అయినా వెళ్లారు.

1949 జులై 2 రాత్రి తీసిన ఫొటో ప్లేట్‌లో చుక్కల మధ్య ఏదో కొత్తగా కనిపించింది. బార్ట్ బాక్, న్యూకిర్క్‌లతో కలిసి సరిచూస్తే తోకచుక్క! ముగ్గురి పేర్లూ దానికి పెట్టారు. మళ్లీ రావాలంటే సుమారు 60 వేల ఏళ్లు పడుతుందని లెక్క తేలింది.

1957లో ఓలిన్ విల్సన్‌తో కలిసి ఇంకో పెద్ద పని. నక్షత్రం కాంతిలో కాల్షియం గీత ఎంత వెడల్పుందో కొలిస్తే చాలు, దాని అసలు వెలుగు తెలిసిపోతుంది. ఆ వెలుగు తెలిస్తే దూరం కట్టొచ్చు. ఈసీఈ వాళ్లకి ఇది భలే నచ్చుతుంది.

ఈలోగా 1953లోనే దేశానికి తిరిగొచ్చేశారు. ఉద్యోగం దొరికింది హైదరాబాద్‌లో కాదు, యూపీలో. 1960లో కొడైకెనాల్ డైరెక్టర్. అక్కడితో ఆగలేదు. తమిళనాడులోని కావలూరు అడవిలో అబ్జర్వేటరీ మొదలుపెట్టారు, 1971లో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆస్ట్రోఫిజిక్స్‌ని నిలబెట్టారు. 2.34 మీటర్ల టెలిస్కోప్ ఇక్కడే తయారవ్వాలని పట్టుబట్టారు. అది పూర్తికాకుండానే 1982లో మ్యూనిక్‌లో 55 ఏళ్లకే పోయారు. 1986లో దానికి ఆయన పేరే పెట్టారు. నాకైతే ఆయన కథలో కష్టంగా అనిపించేది ఇదే.

గురుత్వ తరంగాలని ఐన్‌స్టీన్ 1916లో ఊహించారు, లైగో 2015 సెప్టెంబర్ 14న పట్టింది. తరంగం దొరికిందని అలర్ట్ వస్తే ఆకాశంలో అది పుట్టిన చోటు వెతికే పనిలో లద్దాఖ్‌లోని హాన్లే టెలిస్కోప్ కూడా ఉంటుంది. హాన్లే అబ్జర్వేటరీని నడిపేది బప్పు సంస్థే.

ఇక లైగో-ఇండియా వచ్చేది ఒకప్పటి నిజాం రాజ్యంలోని హింగోలిలో. 2023లో కేంద్రం దాదాపు 2,600 కోట్లకి ఓకే చెప్పింది. లేజర్లు, వాక్యూమ్, కంట్రోల్ సిస్టమ్స్, డేటా అన్నీ కావాలి. గ్రూప్స్‌తో పాటు ఆ నోటిఫికేషన్ల మీదా ఓ కన్నేసి ఉంచండి.