మట్టి ఆకలిని చెప్పిన లీబిగ్

మనలో చాలామందిమి రైతుల, కూలీల ఇళ్ల నుండి వచ్చి హాస్టల్లో చదువుకున్నవాళ్లమే. ఇంటి దగ్గర పొటాష్, జింక్ అనే మాటలు వింటూ పెరిగినవాళ్లమే. పైరుకు ఖనిజ లవణాలు అవసరమని లోకాన్ని ఒప్పించినవారిలో ముఖ్యుడు జస్టస్ వాన్ లీబిగ్.

లీబిగ్ 1803 మే 12న జర్మనీలోని డార్మ్‌స్టాట్‌లో జన్మించారు. తండ్రి రంగులు, వార్నిష్‌లు తయారుచేసి అమ్మేవారు. రసాయనాలు కలిపి చూడడంపై ఉన్న ఆసక్తి ఆ పిల్లవాడికి బడి పాఠాలపై ఉండేది కాదు. బడి చదువు మధ్యలోనే ఆగిపోయింది. మందుల దుకాణంలో పని నేర్చుకోవడానికి చేరి, కొన్ని నెలలకే ఇంటికి తిరిగి వచ్చారు. అయినా నిరాశపడక మళ్లీ చదువు మొదలుపెట్టారు. హెస్సే రాజ్య ప్రభువు ఇచ్చిన ఉపకార వేతనంతో పారిస్ వెళ్లి గే-లుసాక్ వద్ద శిక్షణ పొందారు. 1824లో, 21 ఏళ్ల వయసులోనే గీసెన్ విశ్వవిద్యాలయంలో ఆచార్యులయ్యారు. విద్యార్థులు తమ చేతులతో ప్రయోగాలు చేసి నేర్చుకునే ప్రయోగశాలను అక్కడ నడిపారు.

ఆ రోజుల్లో మొక్కలకు మట్టిలో కుళ్లిన ఆకు అలమే ఆహారమని పండితులు సైతం నమ్మేవారు. లీబిగ్ 1840లో ప్రచురించిన గ్రంథంలో ఆ నమ్మకాన్ని ఖండించారు. మొక్క కార్బన్‌ను గాలి నుండి, భాస్వరం, పొటాషియం, కాల్షియం వంటి ఖనిజాలను నేల నుండి తీసుకుంటుందని వివరించారు. ప్రతి పంటతోపాటు కొంత ఖనిజ సంపద పొలం దాటిపోతుందని, దాన్ని తిరిగి ఇవ్వకపోతే నేల నిస్సారమవుతుందని హెచ్చరించారు.

ఆయన పేరుతో ప్రసిద్ధమైనది కనిష్ఠ సూత్రం. దీన్ని మొదట చెప్పినవారు కార్ల్ స్ప్రెంగెల్ అయినా, ప్రచారంలోకి తెచ్చినవారు లీబిగ్. అన్ని పోషకాలూ ఉండి ఒక్కటి తక్కువైతే, పంట ఆ తక్కువైన దాన్నిబట్టే ఉంటుందని దీని సారాంశం. మన వరి పొలాల్లోనే చూడండి. జింక్ లోపించిన నేలలో ఆకులపై తుప్పు రంగు మచ్చలు వస్తాయి, పైరు గిడసబారుతుంది. అప్పుడు ఎన్ని బస్తాల యూరియా చల్లినా ఖర్చే తప్ప ఫలితం లేదు. ఆఖరి దమ్ములో ఎకరాకు 20 కిలోల జింక్ సల్ఫేట్ వేస్తే ఆ లోపం తీరుతుంది. మన శరీరమూ అంతే. కడుపు నిండా అన్నం తిన్నా ఇనుము చాలకపోతే రక్తహీనత వస్తుంది, అయోడిన్ చాలకపోతే గొంతు వాపు వస్తుంది.

లీబిగ్ పొరపాట్లూ చేశారు. వర్షానికి కొట్టుకుపోకూడదని నీటిలో కరగని ఎరువును తయారు చేయించారు. కరగనిది వేళ్లకు అందదు కనుక అది విఫలమైంది. నత్రజని గాలి నుండే చాలినంత దొరుకుతుందన్న ఆయన వాదనను ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్ పొలాల్లో లాస్, గిల్బర్ట్‌ల ప్రయోగాలు తప్పని తేల్చాయి. ఎరువు విషయంలో తన పొరపాటును ఆయనే తర్వాత ఒప్పుకున్నారు.

1852లో మ్యూనిక్ విశ్వవిద్యాలయానికి మారిన లీబిగ్, 1873 ఏప్రిల్ 18న అక్కడే కన్నుమూశారు.

మిత్రులారా! సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు పొలంలో గుప్పెడు మట్టి తీసి భూసార పరీక్షకు పంపించండి. ఏది తక్కువో తెలుసుకొని అదే వేస్తే ఎరువుల అప్పు తగ్గుతుంది. మనం చదివిన చదువు మన ఇంటికి చేసే మొదటి మేలు అదే.