ఇర్వింగ్ లాంగ్‌మ్యూర్

అమెరికా దేశమందలి బ్రూక్లిన్ పట్టణమున 1881వ సంవత్సరము జనవరి 31వ తేదీన ఇర్వింగ్ లాంగ్‌మ్యూర్ జన్మించెను. అతనికి దృష్టిలోపము కలదని పదునొకండవ యేట గాని తెలియలేదు. ఆ లోపము సవరింపబడిన పిమ్మట అంతవఱకు కానరాని సూక్ష్మవిషయములెన్నియో కనబడెను. ప్రకృతిని పరిశీలించు ఆసక్తి ఇనుమడించెను.

లాంగ్‌మ్యూర్ కొలంబియా విశ్వవిద్యాలయమున లోహశాస్త్రము నభ్యసించి, 1906లో జర్మనీలోని గోటింగెన్‌లో డాక్టరు పట్టము నందెను. 1909లో స్కెనెక్టడీ పట్టణమందలి జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ పరిశోధనాలయమున చేరెను. అచట విద్యుద్దీపములలోని టంగ్‌స్టన్ తీగను పరిశీలించుచు, తన శ్రమ కంపెనీకి ఉపకరించునో లేదో యని సంకోచించెను. పరిశోధనాలయాధ్యక్షుడగు విట్నీ అతనిని ప్రోత్సహించెను. తీగ ఆవిరియగుటచేతనే బల్బు నల్లబడుచున్నదని లాంగ్‌మ్యూర్ కనుగొనెను. బల్బులో నత్రజని వంటి వాయువును నింపి ఆ లోపమును తగ్గించెను.

అటుపిమ్మట వాయువులలో విద్యుత్తు ప్రవహించు తీరును శోధించెను. తక్కువ పీడనముగల పాదరసపు ఆవిరిలో విద్యుత్తు ప్రవహించినపుడు పరమాణువులనుండి ఎలక్ట్రానులు విడిపోవును. ధనావేశముగల అయానులును, ఋణావేశముగల ఎలక్ట్రానులును కలగలిసిన ఈ స్థితికి 1928లో ప్లాస్మా యని పేరిడినవాడు లాంగ్‌మ్యూరే.

ప్లాస్మాలో ఒక లోహపు తీగ నుంచినచో, అది చూపు వోల్టేజియే ప్లాస్మా వోల్టేజి యని పూర్వము శాస్త్రజ్ఞులు తలంచుచుండిరి. అది పొరపాటని అతడు గ్రహించెను. ఎలక్ట్రానులు అయానులకంటె మిక్కిలి తేలిక, వేగమును ఎక్కువ. కావున అవి ముందుగా తీగను చేరి దానిని ఋణావేశముగలదిగా చేయును. కొలుచు సాధనమే కొలతను తప్పించుచుండెను!

సహచరుడగు మాట్‌స్మిత్‌తో కలిసి అతడొక క్రొత్త పద్ధతిని రూపొందించి 1924లో ప్రకటించెను. తీగకు వెలుపలినుండి వేర్వేరు వోల్టేజీల నిచ్చి, ఒక్కొక్కసారి ఎంత విద్యుత్తు ప్రవహించునో కొలువవలెను. తీగ మిగుల ఋణముగా నున్నపుడు ఎలక్ట్రానులు తరిమివేయబడి అయానులే చేరును. వోల్టేజిని పెంచినకొలది తొలుత వేగముగల ఎలక్ట్రానులును, పిమ్మట తక్కినవియు చేరును. ఈ మార్పును బట్టి ఎలక్ట్రానుల ఉష్ణోగ్రతయు, సాంద్రతయు తెలియును. ప్రవహించు ప్లాస్మాలో ప్రవాహమునకెదురుగా నున్న ముఖమున అయానులు ఎక్కువగా చేరును. అందుచే తరువాతి శాస్త్రజ్ఞులు రెండు ముఖములుగల శలాకలతో ప్రవాహవేగమును సైతము కొలువగలిగిరి.

ఉపరితల రసాయనశాస్త్రమున చేసిన కృషికి లాంగ్‌మ్యూర్ 1932లో నోబెల్ బహుమానమును పొందెను. 1957 ఆగస్టు 16వ తేదీన పరమపదించెను.

2023 జూలై 14వ తేదీన ఆంధ్రప్రదేశ్‌లోని శ్రీహరికోటనుండి బయలుదేరిన చంద్రయాన్-3 నౌక లాంగ్‌మ్యూర్ శలాకను వెంట గొనిపోయెను. చంద్రుని దక్షిణధ్రువ ప్రాంతమున నేలకు చేరువగా నున్న ప్లాస్మాను ఆ శలాక కొలిచెను. సాధనము చూపినదానిని నమ్ముటకు ముందు సాధనమునే పరీక్షించిన లాంగ్‌మ్యూర్ వివేకము ఇట్లు చంద్రమండలమునకు సైతము చేరినది.