మద్రాసు పోర్టు గుమాస్తా రామానుజన్

ముప్పై ఏళ్లకు పైగా గుమాస్తాగా పనిచేసి రిటైరైన వాణ్ణి. అందువల్లనేమో, శ్రీనివాస రామానుజన్ గారి పేరు వింటే నాకు మొదట మద్రాసు పోర్టు ట్రస్టు ఆఫీసే గుర్తొస్తుంది. అక్కడ ఆయన నెలకు 30 రూపాయల జీతం మీద గుమాస్తా.

1887 డిసెంబరు 22న ఈరోడ్‌లో అమ్మమ్మగారింట పుట్టారు. పెరిగింది కుంభకోణంలో. తండ్రి బట్టల కొట్లో గుమాస్తా. తల్లి కోమలతమ్మాళ్ గుడిలో భజనలు పాడేవారు. పదహారో ఏట కార్ అనే ఆయన రాసిన లెక్కల పుస్తకం ఆ కుర్రవాడి చేతికొచ్చింది. వేలకొద్దీ సూత్రాలున్నాయి, వివరణలు మాత్రం అంతంతే. ఒక్కొక్కటీ తనంతట తానే తేల్చుకుంటూ కూర్చున్నారు. కాగితాలు కొనే స్తోమత లేక పలక మీద లెక్క చేసి, మోచేత్తో తుడిచి, ఫలితం మాత్రం నోటుబుక్కులో ఎక్కించేవారు.

ఆ ధ్యాసలో మిగతా సబ్జెక్టులు మూలపడ్డాయి. కుంభకోణం కాలేజీలో స్కాలర్‌షిప్పు పోయింది. 1905లో ఇంట్లో చెప్పకుండా విశాఖపట్నం వెళ్లిపోయారు. తిరిగొచ్చి మద్రాసు పచ్చయప్ప కాలేజీలో చేరినా ఎఫ్.ఏ. పరీక్ష రెండుసార్లు తప్పారు. 1909లో జానకి గారితో పెళ్లయింది. డిగ్రీ లేదు, ఉద్యోగం లేదు, ఇంట్లో గడవడం కష్టం.

నోటుబుక్కులు చంకన పెట్టుకుని ఉద్యోగం కోసం తిరిగారు. భారత గణిత సంఘాన్ని స్థాపించిన వి. రామస్వామి అయ్యర్ గారు డిప్యూటీ కలెక్టరు. ఆయన ఆఫీసులో చిన్న గుమాస్తా పని అడిగితే, ఆ పుస్తకాలు చూసి, ఇంతటి వాణ్ణి ఇక్కడ కూర్చోబెట్టకూడదని మద్రాసులోని మిత్రుల దగ్గరికి పంపారు. అలా 1910 చివర్లో నెల్లూరు కలెక్టరు ఆర్. రామచంద్రరావు గారిని కలిశారు. కలెక్టరు గారు మొదట నమ్మలేదు. ఓపిగ్గా విన్నాక నమ్మకం కుదిరి, నెలనెలా 25 రూపాయలు తన చేతి నుంచి ఇచ్చారు. ఊరికే తీసుకోవడం రామానుజన్ గారికి మనసొప్పక, 1912 మార్చిలో పోర్టు ట్రస్టులో చేరారు. అక్కడి చీఫ్ అకౌంటెంటు నారాయణ అయ్యర్ గారికీ లెక్కలంటే ప్రాణం. ఛైర్మన్ స్ప్రింగ్ దొర కూడా అండగా నిలిచారు.

1913 జనవరిలో కేంబ్రిడ్జిలోని హార్డీ గారికి రామానుజన్ ఉత్తరం రాశారు. ఆ ఏడే మద్రాసు విశ్వవిద్యాలయం నెలకు 75 రూపాయల స్కాలర్‌షిప్పు ఇచ్చింది. 1914లో ఓడెక్కారు.

అక్కడ చేసిన పనిలో ఒక్కటి చెబుతాను. 4ను ఎన్ని రకాలుగా విడగొట్టవచ్చు? 4, 3+1, 2+2, 2+1+1, 1+1+1+1. మొత్తం 5. మరి 200ను? దాదాపు 3 లక్షల 97 వేల కోట్ల రకాలు! వేళ్ల మీద తేలే లెక్క కాదిది. హార్డీ, రామానుజన్ కలిసి దీనికి ఒక సూత్రం కనిపెట్టారు. మెక్‌మాన్ అనే పండితుడు చేత్తో కట్టిన లెక్కతో అది సరిపోయింది. వాళ్లు వాడిన పద్ధతిని సంఖ్యాశాస్త్రంలో నేటికీ వాడుతున్నారు. 1918లో ఎఫ్.ఆర్.ఎస్. గౌరవం దక్కింది.

అప్పటికే జబ్బు ముదిరింది. మద్రాసు విశ్వవిద్యాలయం ఏడాదికి 250 పౌండ్లు ఇస్తామన్నప్పుడు, 1919 జనవరిలో ఆయన జవాబు రాశారు. అది తన అవసరానికి మించిన మొత్తమని, అమ్మానాన్నలకు ఏడాదికి 50 పౌండ్లిచ్చి, తన ఖర్చులు పోగా మిగిలింది పేద పిల్లల, అనాథల ఫీజులకూ పుస్తకాలకూ వాడాలని కోరారు. ఆ ఏడు మార్చిలో స్వదేశం చేరి, 1920 ఏప్రిల్ 26న మద్రాసులో కన్నుమూశారు. వయసు 32. జానకి గారు తరువాత కుట్టుపని చేసుకుంటూ బతికి, 1994లో పోయారు.

పరీక్ష తప్పిన కుర్రవాణ్ణి చూసి కొందరు పెద్దలు ఆగారు, నోటుబుక్కు తెరిచి చూశారు. అంతే చేశారు. మన సంఘాలకు ఫీజు సాయం కోసం వచ్చే దరఖాస్తుల్లో మార్కులు తక్కువని పక్కన పెట్టేవి ఉంటాయి. నేనూ పెట్టాను. ఇకమీదట ఆ పిల్లల్ని ఒకసారి పిలిచి మాట్లాడాకే నిర్ణయిద్దామని మన కమిటీల వారికి నా మనవి.