కూలివాని కుమారుడు కెప్టెన్ అయిన విధము
(జేమ్స్ కుక్ జీవితము)

కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతముల వారమైన మనకు సముద్రము చాలా దూరము. మంజీర మీది నిజాంసాగరు నిండినప్పుడు కనబడు నీరే మనకు పెద్ద నీరు. అయినను ఒక నావికుని జీవితమును మన యువజనుల ముందుంచదలచితిమి. ఏలయన అతడు గొప్ప ఇంట పుట్టినవాడు కాడు. మన పల్లెలలోని అనేకులవలె వ్యవసాయ కూలివాని బిడ్డ.

జేమ్స్ కుక్ 1728లో ఇంగ్లండు దేశమున యార్క్‌షైరులోని మార్టన్ అను పల్లెలో జన్మించెను. తండ్రి ఇతరుల పొలములో పనిచేయువాడు. ఆ పొలము యజమాని రుసుము చెల్లించుటచేత బాలుడు ఊరి బడిలో కొంతకాలము చదువుకొనెను. పదహారవ యేట స్టెయిత్స్ అను సముద్రతీర గ్రామములో ఒక దుకాణమున పనికి కుదిరెను. బేరము అతనికి రుచింపలేదు. ఏడాదిన్నర తరువాత విట్బీ రేవులో జాన్ వాకర్ అను క్వేకరు భక్తుని బొగ్గు ఓడలలో పని నేర్చుకొనుటకు చేరెను. పగలు తాళ్లు లాగి, తెరచాపలు కట్టి, తీరిక వేళలలో గణితము, ఖగోళశాస్త్రము అభ్యసించెను.

1755లో వాకర్ ఒక ఓడను అతని చేతికి అప్పగింపబూనెను. ఇరువదియారేండ్ల వానికి అది చిన్న భాగ్యము కాదు. కాని కుక్ దానిని విడిచి, ఆ సంవత్సరము జూన్ నెలలో బ్రిటిష్ నౌకాదళములో సామాన్య నావికుడుగా చేరెను. ఆ దినములలో ఆ కొలువు ఎంత కష్టమైనదనగా, మనుష్యులు దొరకక వీధులలో పట్టుకొని బలవంతముగా ఓడ ఎక్కించుచుండిరి. అధికారుల పదవులు తరచుగా పలుకుబడి గల కుటుంబముల వారికే లభించుచుండెను. కుక్ తనంతట తానే క్రింది మెట్టున నిలిచెను.

నెల దాటకమునుపే అతని పనితనము పైవారి కంటబడి చిన్న బాధ్యత లభించెను. 1757లో పరీక్షలో ఉత్తీర్ణుడై, ఓడను దారి తప్పకుండ నడిపించు మాస్టర్ ఆయెను. మరుసటి సంవత్సరము కెనడా తీరమున ఒక సైనిక ఇంజనీరు బల్ల వేసికొని నేలను కొలుచుట చూచి, దగ్గరకు పోయి ఆ విద్య నేర్పుమని కోరెను. ఆ విద్యయే అతని భవిష్యత్తును మార్చెను. 1759లో క్విబెక్ పట్టణము మీదికి పోవు ఓడలకు సెయింట్ లారెన్సు నది లోతులు కొలిచిన వారిలో అతడొకడు. 1763 మొదలు 1767 వరకు న్యూఫౌండ్లాండు తీరపు పటములు గీసెను.

ఇంత చేసినను లెఫ్టినెంట్ పదవి 1768లో గాని రాలేదు. అప్పటికి పదమూడేండ్లు గడచెను, అతనికి ముప్పదితొమ్మిది నిండెను. అప్పుడతనికిచ్చిన ఎండెవర్ అను ఓడ విట్బీలో కట్టిన బొగ్గు ఓడయే! బాల్యమున నేర్చిన పని ఏదియు వ్యర్థము కాదని దీనివలన గ్రహింపవచ్చును. ఆ ఓడలో తహీతికి పోయి 1769లో శుక్రగ్రహము సూర్యునికి అడ్డముగా పోవుటను పరిశీలించెను. న్యూజీలాండు చుట్టివచ్చి, ఆస్ట్రేలియా తూర్పు తీరమును పటములో చేర్చెను. 1772 నుండి 1775 వరకు జరిగిన రెండవ ప్రయాణములో మనుష్యులెరిగినంతలో మొదటిసారిగా దక్షిణ ధ్రువ వలయమును దాటెను. 1775లో కెప్టెన్ ఆయెను. మరుసటి సంవత్సరము రాయల్ సొసైటీ అతనిని సభ్యునిగా చేర్చుకొనెను.

మేము ప్రత్యేకముగా చెప్పగోరునది అతడు నావికులను చూచుకొనిన విధము. దూరప్రయాణములలో చిగుళ్లు వాచి, పండ్లూడి చంపు స్కర్వీ వ్యాధి అనేకులను బలిగొనుచుండెను. కుక్ ఓడను శుభ్రముగా ఉంచి, తీరము చేరినప్పుడెల్ల ఆకుకూరలు తెప్పించెను. పులియబెట్టిన క్యాబేజీని నావికులు తినమనగా, దానిని దినదినము అధికారుల బల్లమీద వడ్డింపజేసెను. పెద్దలు తినుచున్నారని చూచి వారే అడిగి తినిరి! తానును ఒకప్పుడు క్రింది అరలో పండుకొనినవాడు గనుక వారి మనస్సు ఎరుగును. మొదటి ప్రయాణములో స్కర్వీవలన ఒక్కరును చనిపోలేదు. అయితే బటావియా రేవున పట్టుకొనిన జ్వరములు, విరేచనములవలన సుమారు ముప్పదిమంది మరణించిరి.

అతని జీవితములో చీకటియు కలదు. 1769లో న్యూజీలాండు తీరమున అతనివారి తుపాకులవలన మావోరీలు హతులైరి. తరతరములుగా ప్రజలు కాపురమున్న ఆస్ట్రేలియా తీరమును వారినడుగకయే తన రాజు పేరట ప్రకటించెను. 1776లో బయలుదేరిన మూడవ ప్రయాణములో అతని పూర్వపు ఓర్పు తరిగి, శిక్షలు కఠినమాయెను. హవాయి దీవిలో ఒక పడవ దొంగిలింపబడగా, అక్కడి రాజును పట్టి తెచ్చుటకు కుక్ ఒడ్డుకు దిగెను. జనులు తిరుగబడిరి. 1779 ఫిబ్రవరి 14న నీటి అంచున అతడును నలుగురు సైనికులును చంపబడిరి. అతని వయస్సు ఏబది. భార్య ఎలిజబెత్ ఆరుగురు బిడ్డలను పోగొట్టుకొని, 1835 వరకు విధవరాలుగా జీవించెను.

అతని ప్రయాణముల గ్రంథమును ఇంగ్లండులో చెప్పులు కుట్టుకొను ఒక యువకుడు చదివి, దూరదేశస్థులను గూర్చి భారము పొందెను. ఆయనే విలియం కేరీ దొరగారు. 1793లో బంగాళమునకు వచ్చిరి. వారి సెరాంపూరు ముద్రణాలయమునుండి 1814లో తెలుగు వ్యాకరణము, 1818లో తెలుగు క్రొత్త నిబంధన వెలువడెను. ఒక కూలివాని కుమారుని కష్టఫలము ఈ విధముగా మన భాషను కూడ తాకెను.

యువజనులారా, క్రింది పనిని చిన్నదని ఎంచవద్దు. తెలియనిదానిని అడిగి నేర్చుకొనుటకు సిగ్గుపడవద్దు. అయితే ఇరువది సంవత్సరములకు పైగా అతనిని పైకెత్తిన ఓర్పు ఒక్క ఉదయము లోపించినప్పుడు ఏమి జరిగెనో అదియు జ్ఞాపకముంచుకొనుడి. పదవి పెరుగుకొలది ఓర్పును కూడ పెంచుకొనవలెనని మన సంఘములలో బాధ్యతలు వహించు మేమందరమును నేర్చుకొనవలసియున్నది.