ఒక్క వేలు.. పన్నెండేళ్ల అజ్ఞాతం

ఇద్దరు బాస్ గిటారిస్టులు ఎక్కడ కలిసినా మాటలు ఎలా మొదలవుతాయో ముందే చెప్పేయొచ్చు. నీది ఏ కంపెనీ గిటార్? ఏ ఏడాది మోడల్? ఏ బ్యాండ్‌లో వాయిస్తున్నావ్? తీగలు ఎన్నాళ్లకోసారి మారుస్తావ్? ఈ చివరి ప్రశ్న దగ్గర వాదన మొదలవుతుంది. కొత్త తీగలైతేనే శబ్దం ఖంగుమంటుందని ఒకరంటారు. పాతబడితేనే దాని గొంతు పండుతుందని ఇంకొకరు. వాదన ఎటు తిరిగినా చివరికి ఒక మనిషి దగ్గరకు వచ్చి ఆగుతుంది. తెగితే తప్ప తీగ మార్చని మనిషి. పేరు జేమ్స్ జేమర్సన్.

ఈ పేరు మీలో చాలామంది విని ఉండరు. అందులో మీ తప్పేం లేదు. అతను బతికున్న రోజుల్లో, అతను వాయించిన పాటలకు చిందులేసిన అమెరికా కుర్రకారుకే ఆ పేరు తెలీదు. 1960ల్లో రేడియోలో వరసపెట్టి హిట్లు.. రికార్డు అట్ట మీద మాత్రం అతని ఊసే లేదు. పాండవుల అజ్ఞాతవాసం ఏడాదే. జేమర్సన్‌ది పన్నెండేళ్లు.

పని బాగా నేర్చుకుంటే చాలు, మిగతావి వాటంతటవే వస్తాయని చిన్నప్పటి నుంచి వింటుంటాం. అది సగం నిజమే. మిగతా సగం ఏంటో ఈ జీవితం చూస్తే అర్థమవుతుంది.

వినిపించీ కనిపించని వాద్యం

ముందు ఆ వాద్యం సంగతి. మామూలు గిటార్‌కు ఆరు తీగలుంటే, బాస్ గిటార్‌కు సాధారణంగా నాలుగే. లావుగా ఉంటాయి. శబ్దం మంద్రంగా, గుండెకు తగిలేలా ఉంటుంది. పాట వింటున్నప్పుడు దాన్ని ఎవరూ పనిగట్టుకుని గమనించరు. తీసేస్తే మాత్రం డ్రమ్స్ ఒకవైపు, పాట ఇంకోవైపు విడిపోయినట్టు ఉంటుంది. ఇంటికి పునాది ఎలాగో పాటకు బాస్ అలాగ. గృహప్రవేశానికి వచ్చినవాళ్లు పునాదిని మెచ్చుకుని వెళ్లరు కదా!

మన దగ్గరా అంతే. పాత సినిమా క్యాసెట్ల కవర్ల మీద సంగీత దర్శకుడు, గాయకులు, రచయిత పేర్లుండేవి. తబలా ఎవరు, వయొలిన్ ఎవరు, బాస్ ఎవరు అన్నది కనిపించడం చాలా అరుదు.

జేమర్సన్ 1936 జనవరి 29న అమెరికాలోని సౌత్ కరోలినా రాష్ట్రంలో, ఎడిస్టో అనే దీవిలో పుట్టాడు. తల్లిదండ్రులు విడిపోయారు. నానమ్మ పియానో వాయించేది. మేనత్త చర్చిలో పాడేది. చర్చి పాటలు, రేడియోలో వచ్చే బ్లూస్, జాజ్.. అవే అతని తొలి పాఠాలు. చిన్నప్పుడు కర్రకు తీగ కట్టి, చీమల పుట్ట దగ్గర కూర్చుని మీటుతూ, చీమలతో డాన్స్ చేయిస్తున్నానని అనుకునేవాడని చెబుతారు.

1954లో తల్లితో కలిసి డెట్రాయిట్ వచ్చాడు. కార్ల ఫ్యాక్టరీల నగరం. దక్షిణాది నుంచి వేల నల్లజాతి కుటుంబాలు పని వెతుక్కుంటూ చేరిన ఊరు. నార్త్‌వెస్టర్న్ హైస్కూల్లో అతని చేతికి డబుల్ బాస్ వచ్చింది. నిలువెత్తు వయొలిన్‌లా ఉంటుంది, నిలబడి వాయించాలి. చదువు సాగుతుండగానే క్లబ్బుల్లో, పెళ్లిళ్లలో కచేరీలు మొదలుపెట్టాడు. వేన్ స్టేట్ యూనివర్సిటీలో సంగీతం చదవడానికి స్కాలర్‌షిప్ అవకాశం వచ్చినా వద్దనుకుని, క్లబ్బుల దారే పట్టాడు.

నేలమాళిగలో ఉద్యోగం

1959లో అదే ఊళ్లో బెర్రీ గోర్డీ అనే యువకుడు కుటుంబం దగ్గర 800 డాలర్లు అప్పు తీసుకుని ఓ రికార్డుల కంపెనీ పెట్టాడు. తర్వాత ప్రపంచమంతా మోటౌన్ అని పిలిచిన సంస్థ అదే. గోర్డీ అంతకుముందు ఫోర్డ్ వాళ్ల కార్ల ఫ్యాక్టరీలో పనిచేశాడు. అక్కడ ఒక మూల నుంచి ఇనుప చట్రం వెళ్తే ఇంకో మూల నుంచి మెరిసే కారు బయటికొచ్చేది. పాటలనూ అలాగే తయారుచేయాలనుకున్నాడు. రాసేవాళ్లు ఒకచోట, వాయించేవాళ్లు ఒకచోట, పాడేవాళ్లు ఇంకోచోట.

వెస్ట్ గ్రాండ్ బులెవార్డ్‌లోని ఓ మామూలు ఇల్లే ఆఫీసు, స్టూడియో. వాద్యకారులు ఆ ఇరుకు గదిని పాముల గొయ్యి అని సరదాగా పిలుచుకునేవారు. పైకప్పు నుంచి వేలాడే వైర్ల వల్ల ఆ పేరు. అక్కడ పనిచేసే బృందమే ఫంక్ బ్రదర్స్. ఎవరు పాడినా వెనక వాయించేది వీళ్లే. టెంప్టేషన్స్, సుప్రీమ్స్, ఫోర్ టాప్స్, స్టీవీ వండర్, మార్విన్ గే.. ముందు నిలబడే గొంతులు మారేవి, వెనక చేతులు మారేవి కావు.

జేమర్సన్ మొదట్లో డబుల్ బాస్ వాయించాడు. 1960ల మొదట్లో ఎలక్ట్రిక్ బాస్‌కు మారాడు. ఫెండర్ కంపెనీ 1951లో తెచ్చిన ప్రెసిషన్ బాస్ అప్పటికి కొత్త సరుకే. డబుల్ బాస్‌ను నమ్ముకున్న జాజ్ మనుషుల్లో చాలామందికి అది నచ్చలేదు. జేమర్సన్ మాత్రం పాత వాద్యంలో నేర్చిందంతా కొత్తదానిలోకి తెచ్చుకున్నాడు. డబుల్ బాస్ మీటినట్టే కుడిచేతి చూపుడు వేలు ఒక్కదానితోనే మీటేవాడు. ఆ వేలికి తోటివాళ్లు పెట్టిన పేరు కొక్కెం.

బాస్ గిటారిస్టులు ఇప్పటికీ చెప్పుకునే అతని గిటార్ 1962 నాటి ప్రెసిషన్. లావుపాటి తీగలు. అవి మెడ మీద నుంచి ఎంత ఎత్తులో ఉండేవంటే, వేరేవాళ్లు నొక్కడానికి ఇబ్బందిపడేవారు. తీగలు ఎక్కువసేపు మోగకుండా బ్రిడ్జి మీది మూత కింద స్పాంజి ముక్క. తీగలకు పట్టిన జిడ్డు, మురికి తుడిచేవాడు కాదు. శబ్దంలోని మజా అంతా ఆ మురికిలోనే ఉందని అతని నమ్మకం.

అంతకుముందు పాప్ పాటల్లో బాస్ పని చాలావరకు ఒకటే.. కింద నుంచి టక్ టక్ మని అడుగులేయడం. జేమర్సన్ ఆ అడుగుల్ని నడకగా, నడకను మాటగా మార్చాడు. గాయకుడు ఒక మాటంటే దానికి బదులిచ్చినట్టు ఉండేది అతని వాద్యం. 1964 నాటి మై గర్ల్ పాట మొదలయ్యేది అతని బాస్‌తోనే. మూడే అడుగులు, మధ్యలో ఊపిరి. ఎంత తక్కువ వాయించాలో తెలిసిన చెయ్యి అది. 1967లో వచ్చిన బెర్నడెట్ వింటే దానికి పూర్తిగా రివర్స్. బాస్ ఒక్కచోట నిలవదు. ఇదంతా చాలాసార్లు ముందే రాసిపెట్టింది కాదు. కాగితం మీద స్వరాల గుర్తులు కొన్ని ఇచ్చి, మిగతాది అతనికే వదిలేసేవారు.

జీతం వచ్చింది.. పేరు రాలేదు

అతనికి అన్యాయం జరిగిందని ఒక్కమాటలో తేల్చేయడం సులువే. కానీ లెక్క అంత సూటిగా లేదు. మొదట్లో పాటకు ఇంత అని చిన్న మొత్తాలే. తర్వాత కంపెనీ అతన్ని వారం జీతం మీద పెట్టుకుంది. 1968 నాటికి వారానికి 1,000 డాలర్లు అందేవి. అప్పటికి అది చిన్న జీతం కాదు. కార్ల ఫ్యాక్టరీలో పనిచేసే తోటివాళ్ల కంటే అతను ఎంతో బాగున్నాడు.

రానిది పేరు. రికార్డు మీద గాయకుల ఫొటో, కంపెనీ ముద్ర ఉండేవి. వాయించినవాళ్ల జాబితా ఉండేది కాదు. బీటిల్స్ బృందంలో బాస్ వాయించే పాల్ మెకార్ట్‌నీ కూడా జేమర్సన్ ప్రభావం తన మీద ఉందని తర్వాతి రోజుల్లో చెప్పాడు. 1960ల్లో అట్ట తిప్పి చూస్తే అతనికైనా అక్కడ ఆ పేరు దొరికేది కాదు.

పేరు లేకపోతే ఏమైందిలే అనిపించొచ్చు. ఏమైందో తర్వాత తెలిసింది. ఏళ్లు గడిచాక, కొన్ని పాటల్లో బాస్ వాయించింది ఎవరన్న దాని మీదే వివాదాలు వచ్చాయి. రాసిపెట్టిన కాగితం లేనిచోట ఎవరి జ్ఞాపకం వాళ్లదే.

1971లో మార్విన్ గే ఆల్బమ్ వాట్స్ గోయింగ్ ఆన్ వచ్చింది. టైటిల్ పాట రికార్డింగ్ రోజున మార్విన్ అతని కోసం వెతికి, ఓ క్లబ్బులో వాయిస్తుంటే పట్టుకొచ్చాడని చెబుతారు. అప్పటికే బాగా తాగి ఉండటంతో స్టూలు మీద కూర్చోలేక, నేల మీద వెల్లకిలా పడుకుని వాయించాడట. వింటే ఆ సంగతి ఎవరూ పోల్చలేరు. ఆ ఆల్బమ్ అట్ట మీద వాద్యకారుల పేర్లు వేశారు. జేమర్సన్ పేరు పక్కన సాటిలేనివాడన్న విశేషణం కూడా ఉంది. మోటౌన్‌లో చేరిన పన్నెండేళ్లకు అతని పేరు అచ్చులో కనిపించింది.

ఊరు మారింది

ఆ ఆనందం ఎన్నాళ్లో నిలవలేదు. 1972లో మోటౌన్ తన మకాంను లాస్ ఏంజెలెస్‌కు మార్చేసింది. ఒకరోజు పనికి వచ్చేసరికి స్టూడియో తలుపు మీద నోటీసు ఉందని ఆనాటి వాద్యకారులు తర్వాత గుర్తుచేసుకున్నారు. కొందరు డెట్రాయిట్‌లోనే ఉండిపోయారు. జేమర్సన్ 1973లో కంపెనీ వెంట వెళ్లాడు.

మొదట్లో పని దొరికింది.  కానీ ఆ ఊళ్లో పద్ధతులు వేరు. రాసిచ్చింది రాసినట్టు వాయించాలి. శబ్దం కొత్త తీగల్లా మెరవాలి. బొటనవేలితో తీగను కొట్టే కొత్త శైలి అప్పుడప్పుడే ఊపందుకుంటోంది. తీగలు మార్చమంటే జేమర్సన్ మార్చడు. వేలు మార్చమన్నా మార్చడు. ఒకప్పుడు జాజ్ మనుషులు వద్దన్న కొత్త వాద్యాన్ని ధైర్యంగా అందుకున్న మనిషే ఇతను! ఆ తెగువ రెండోసారి రాలేదు. దానికి తోడు తాగుడు. టైముకు వస్తాడో రాడో తెలియని మనిషిని పిలవడానికి నిర్మాతలు వెనకాడారు. ఫోన్లు తగ్గాయి.

1983 మార్చిలో మోటౌన్ పాతికేళ్ల పండగ పేరుతో పెద్ద టీవీ కార్యక్రమం తీశారు. మైఖేల్ జాక్సన్ మూన్‌వాక్ చేసి ప్రపంచాన్ని ఆశ్చర్యపరిచింది ఆ వేదిక మీదే. ఆ కంపెనీ హిట్లకు పునాది వేసిన జేమర్సన్‌కు పిలుపు లేదు. టికెట్ కొనుక్కుని జనంలో కూర్చుని చూశాడు.

ఆ వేసవిలోనే 1962 నాటి గిటార్ చోరీకి గురైంది. కొన్ని రోజులకే, ఆగస్టు 2న, లివర్ దెబ్బతిని, ఇతర జబ్బులు కూడా తోడై, లాస్ ఏంజెలెస్‌లో జేమర్సన్ కన్నుమూశాడు. 47 ఏళ్లు. డెట్రాయిట్‌కు తీసుకెళ్లి అక్కడి వుడ్‌లాన్ శ్మశానవాటికలో ఖననం చేశారు.

పేరు ఆ తర్వాత వచ్చింది. 1989లో అతని జీవితం మీద, అతను వాయించిన బాస్ స్వరాల మీద పుస్తకం వెలువడింది. 2000లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ పక్కవాద్యకారుల కోసం కొత్త విభాగం పెట్టి, మొదటి జాబితాలోనే అతన్ని చేర్చుకుంది. 2002లో ఫంక్ బ్రదర్స్ మీద డాక్యుమెంటరీ సినిమా వచ్చింది. ఇవేవీ అతను చూడలేదు.

మనం ఏం పట్టుకోవాలి?

రేపు మీరు చేరబోయే మొదటి ఉద్యోగం బహుశా ఇలాంటిదే. పెద్ద టీమ్‌లో చిన్న భాగం. ప్రాజెక్టుకు పేరు కంపెనీది, ప్రెజెంటేషన్ ఇచ్చేది మేనేజర్. పునాది పని మీది. అందులో చిన్నతనం ఏమీ లేదు. జేమర్సన్ జీవితంలో గొప్పదంతా ఆ వెనక వరసలోనే జరిగింది.

అయితే మూడు సంగతులు గుర్తుంచుకోండి. ఒకటి, మీరు ఏం చేశారో మీరే రాసిపెట్టుకోండి. ఇంటర్న్‌షిప్ అయినా, కాలేజీ ప్రాజెక్టు అయినా, మీ వంతు ఏదో తేదీతో సహా ఉండాలి. రిపోర్టులో మీ పేరు లేకపోతే మర్యాదగా అడగండి. అడగడం గొప్పలు చెప్పుకోవడం కాదు. పన్నెండేళ్లు ఆగాల్సిన పనిలేదు. రెండు, మీ ప్రత్యేకత ఏదో, మీ అలవాటు ఏదో విడదీసి చూసుకోండి. జేమర్సన్ ప్రత్యేకత అతని చెవిలో, ఆలోచనలో ఉంది. పాత తీగ అలవాటు. కొత్త సాఫ్ట్‌వేర్ నేర్చుకోమన్నప్పుడు, వేరే ఊరు వెళ్లమన్నప్పుడు ఈ తేడా పనికొస్తుంది. మూడు, ఎంత పనిమంతుడినైనా టైముకు వస్తాడన్న నమ్మకం ఉంటేనే మళ్లీ పిలుస్తారు.

ఈసారి పాట వింటున్నప్పుడు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, గాయకుణ్ని కాసేపు పక్కనపెట్టి, కింద ఏం మోగుతోందో వినండి. మై గర్ల్‌తో మొదలుపెట్టొచ్చు. మొదటి మూడు అడుగులు వినగానే ఎవరిదా చెయ్యి అని పక్కవాళ్లు అడిగితే, ఇప్పుడు మీకు పేరు తెలుసు.