సమతూకం విలువ చెప్పిన యల్లాప్రగడ జీవితం

మీ ఇంట్లో గర్భిణి ఉంటే ఆశా కార్యకర్త తెచ్చిచ్చే ఎర్రటి ఐరన్ మాత్రను మీరు చూసే ఉంటారు. అందులో ఐరన్‌తో పాటు ఫోలిక్ యాసిడ్ కూడా ఉంటుంది. ఆ విటమిన్‌ను ప్రయోగశాలలో తయారుచేసిన బృందానికి నాయకుడు మన తెలుగువాడు, డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు. ఈ సంగతి చాలామందికి తెలుసు. అమెరికా వెళ్లకముందు ఆయన మద్రాసులో ఆయుర్వేద కళాశాల అధ్యాపకుడన్నది మాత్రం కొద్దిమందికే తెలుసు.

ఆయుర్వేదం ఆరోగ్యాన్ని సమతుల్యతగా చూస్తుంది. వాత పిత్త కఫాలు, జఠరాగ్ని, ధాతువులు సమంగా ఉండి, మనసు ప్రసన్నంగా ఉన్నవాడే ఆరోగ్యవంతుడని సుశ్రుత సంహిత చెబుతుంది. చైనా వైద్యంలోని యిన్, యాంగ్ భావన కూడా ఇలాంటిదే. మన తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర ఆయుర్వేద కళాశాల ఉంది, రుయా ఆసుపత్రీ ఉంది. ఏ వైద్యం గొప్పదని వాదించుకునే ముందు, రెండింటినీ దగ్గరగా చూసిన ఈ మనిషి జీవితాన్ని ఒకసారి చూడండి.

సోదరులను బలిగొన్న జబ్బు

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. మద్రాసు వైద్య కళాశాలలో చదివేటప్పుడు గాంధీజీ పిలుపు విని ఖద్దరు ధరించారు. అది ఒక ప్రొఫెసర్‌కు నచ్చలేదు. ఫలితంగా ఎంబీబీఎస్‌కు బదులు ఎల్‌ఎంఎస్ పట్టాతో సరిపెట్టుకోవాల్సి వచ్చింది. ఆ తర్వాత డాక్టర్ ఆచంట లక్ష్మీపతి ఆధ్వర్యంలోని ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం బోధించారు. లక్ష్మీపతి కూడా అల్లోపతి చదివి ఆయుర్వేదం వైపు వచ్చినవారే.

ఆ రోజుల్లో ట్రాపికల్ స్ప్రూ చాలామంది ప్రాణాలు తీసేది. ఈ జబ్బులో తిన్నది ఒంటపట్టదు. విరేచనాలు, నోటిపూత, రక్తహీనతతో మనిషి క్షీణిస్తాడు. సుబ్బారావు సోదరులిద్దరు దీనికే బలయ్యారు. తనకు సోకినప్పుడు లక్ష్మీపతి ఇచ్చిన ఆయుర్వేద మందులతో కోలుకున్నారని ఆయన జీవిత కథ చెబుతుంది. అయితే ఒక మనిషి కోలుకున్నంత మాత్రాన మందు పనిచేసినట్టు రుజువు కాదు. దేని లోపం వల్ల జబ్బు వచ్చిందో, ఏది ఇస్తే తగ్గుతుందో తేల్చాలంటే కొలత కావాలి.

కొలవడం నేర్చుకున్నాడు

1922లో బోస్టన్ చేరి హార్వర్డ్‌లో చదివారు. 1925లో ఫిస్కేతో కలిసి శరీరంలో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతిని ప్రకటించారు. కండరాలకు శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్, ఏటీపీల మీద వారి పరిశోధన ప్రపంచానికి తెలిసింది. 1940లో లెడర్లీ సంస్థలో చేరి, తర్వాత అక్కడి పరిశోధన విభాగానికి అధిపతి అయ్యారు. 1945లో ఆయన బృందం ఫోలిక్ యాసిడ్ తయారీని ప్రకటించింది. స్ప్రూ రోగుల రక్తహీనతకు అది పనిచేసింది. ఫైలేరియా నివారణకు మన చిత్తూరు జిల్లాలో ఇంటింటికీ పంచిన డీఈసీ మాత్ర కూడా ఆయన బృందం కృషి ఫలితమే.

ఫోలిక్ యాసిడ్‌ను పోలి ఉంటూనే దాని పనిని అడ్డుకునే మందులను కూడా ఆ బృందం తయారుచేసింది. వాటిలో ఒకదాన్ని బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ రక్తక్యాన్సర్ ఉన్న పిల్లలకు ఇస్తే, కొందరిలో జబ్బు కొంతకాలం వెనక్కి తగ్గింది. 1948లో ఈ ఫలితాలు వెలువడ్డాయి. అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావు 53 ఏళ్లకే కన్నుమూశారు.

మీరు గుర్తుంచుకోవాల్సినవి

ఒకే విటమిన్ తగ్గితే రక్తహీనత. దాన్ని అదుపులో అడ్డుకుంటే క్యాన్సర్‌కు చికిత్స. సమతుల్యత అంటే ఇదే, కాకపోతే ఇక్కడ దాన్ని మైక్రోగ్రాముల్లో కొలుస్తాం.

• గర్భం కోసం ప్రయత్నిస్తున్నప్పటి నుంచే రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ అవసరం. బిడ్డ వెన్నుపాము తొలి నాలుగు వారాల్లోనే రూపుదిద్దుకుంటుంది. నెల తప్పిందని తెలిసేసరికే ఆలస్యం కావచ్చు.

• తోటకూర, పాలకూర, పెసలు, అలసందలు, మన అనపగింజల పితికపప్పు తరచూ తినండి. ఆకుకూరలను మరీ ఎక్కువసేపు ఉడికించకండి.

• రక్తం తక్కువని సొంతంగా ఫోలిక్ యాసిడ్ వాడకండి. బీ12 లోపం ఉంటే రక్తం మెరుగైనట్టు కనిపిస్తుంది, లోపల నరాలు మాత్రం దెబ్బతింటూనే ఉంటాయి. పాలు, పెరుగు, గుడ్లు సరిగా తీసుకోనివారు ముందు పరీక్ష చేయించుకోండి.

• కీళ్లవాతానికి ఇచ్చే మెథోట్రెక్సేట్ కూడా ఆ మందుల కుటుంబంలోదే. వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణాపాయం. ఇంట్లో పెద్దవాళ్లు వాడుతుంటే ఆ రోజును క్యాలెండర్‌లో గుర్తు పెట్టండి.

• కషాయం, చూర్ణం వాడుతుంటే ఆ సంగతి మీ డాక్టర్‌కు చెప్పండి. మీరు వేసుకునే మాత్రలన్నీ ఆయుర్వేద వైద్యుడికి చూపించండి. చెప్పకుండా ఒకటి మానేసి మరొకటి మొదలుపెట్టకండి.